పొట్లంలో ఉన్న గోలీ పేరేంటి?

మాది బుగ్గారం. ఇప్పుడు జగిత్యాల జిల్లాలో మండలం, 2016కి ముందు కరీంనగర్ జిల్లా. మా బాపమ్మ నలభై ఏళ్ళు బీడీలు చేసింది. మెడ నొప్పి, మోకాళ్ళ నొప్పి... "గోలీ ఏసుకుంటెనే చేతులాడుతయి బిడ్డా" అనేది. ఆ గోలీలు కాయితం పొట్లంలో వచ్చేవి, పేరుండదు. కాళ్ళు వాచి, క్రియాటినిన్ పెరిగాక కరీంనగర్లో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఏ మందు వాడారు?" ఇంట్లో ఒక్కరికీ తెలీదు. రోజంతా ఎర్రర్ లాగ్స్ చదివే నాకు మా ఇంటి లాగ్ మాత్రం ఖాళీ.

ఇదే ప్రశ్న ఒకప్పుడు రాబందుల విషయంలోనూ వచ్చింది. 1990ల నుంచి మన దేశంలో అవి కుప్పలుగా చచ్చిపోయాయి. తెల్లవీపు రాబందులైతే 2007 నాటికి 99 శాతానికి పైగా పోయాయి. ఏదో వైరస్ అనుకున్నారు. 2004లో పాకిస్తాన్ రాబందుల మీద వచ్చిన పరిశోధన అసలు సంగతి తేల్చింది. కిడ్నీలు చెడి చనిపోయిన 25 పక్షుల్లో 25కీ ఒంట్లో డైక్లోఫెనాక్ దొరికింది. పశువులకి వేసిన నొప్పి సూది, వాటి కళేబరాల ద్వారా రాబందులకి చేరిందన్నమాట. 2006లో మన ప్రభుత్వం పశువులకి దాన్ని ఆపేసింది. 2013లో బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట మీద రాబందులు కనపడితే అదే పెద్ద వార్త అయింది!

ఆ పరీక్షకి పెద్ద మెషీన్లు, ల్యాబు కావాలి. చిన్న పరికరంతో పట్టుకోలేమా? దానికి బీజం 1922లోనే పడింది. హెయ్‌రోవ్‌స్కీ పాదరసం చుక్కనే ఎలక్ట్రోడ్‌గా పెట్టి, వోల్టేజీ మారుస్తూ కరెంటు కొలిచాడు. 1959లో నోబెల్ వచ్చింది. సూత్రం సింపుల్: ఒక్కో మందు ఒక్కో వోల్టేజీ దగ్గర ఎలక్ట్రాన్లు వదులుతుంది. పారాసెటమాల్ అణువు రెండు వదులుతుంది. ఏ వోల్టేజీ అన్నది మందు పేరు చెబుతుంది, ఎంత కరెంటు అన్నది మోతాదు చెబుతుంది.

చిక్కేంటంటే, మామూలు కార్బన్ ఎలక్ట్రోడ్ మీద పారాసెటమాల్, యూరిక్ యాసిడ్ లాంటివాటి సిగ్నల్స్ కలిసిపోతాయి. కార్బన్ నానోట్యూబులు (1991), గ్రాఫీన్ (2004) వచ్చాక ఆ పూత పూస్తే ఉపరితలం పెరిగి, సిగ్నల్ బలపడి, శిఖరాలు విడివిడిగా కనిపిస్తున్నాయి. డైక్లోఫెనాక్‌కీ ఇలాంటివి తయారుచేశారు. కానీ రక్తంలో ప్రొటీన్లు ఎలక్ట్రోడ్‌కి అంటుకుని సిగ్నల్ చెడగొడతాయి. అందుకే గ్లూకోమీటర్లా ఊరి దవాఖానాలోకి ఇంకా రాలేదు.

వచ్చినా బాపమ్మ విషయంలో సగమే పని చేసేది. డైక్లోఫెనాక్ రక్తంలోంచి గంటల్లోనే పోతుంది. సెన్సర్ ఇవాళ్టి స్టేటస్ చెప్పగలదు, నలభై ఏళ్ళ హిస్టరీ చెప్పలేదు. ఆ హిస్టరీ గోలీ చుట్టూ ఉండే రేకు మీద ఉంటుంది. పొట్లం కట్టేవాడు చించి పారేసేది దాన్నే.

పండక్కి ఊరెళ్తారుగా? అమ్మ, నాయనమ్మల గోలీల డబ్బా ఓసారి తెరిచి చూడండి. పేరు లేని గోలీ ఉంటే, ఎక్కడిదో అడగండి.