అమ్మ చెరువూ, ఆకాశంలో గీతలూ

"పెద్దమ్మా, ఈసారి డ్రోన్ పట్టుకొస్తున్న. అమ్మమ్మకు మీదికెళ్ళి చెరువు చూపిస్త!" అన్నాడు మా చెల్లెలి కొడుకు అమెరికానుంచి ఫోన్లో.

రావిర్యాలలో మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. చెరువు కట్టదాకా నడవలేదు. ఒకప్పుడు డాబా ఎక్కితే నీళ్ళు తళతళా కనిపించేవి. ఇప్పుడు చుట్టూ లేచిన ఇళ్ళు అడ్డం. మనవడి ఆలోచన బంగారంలాంటిదే! కానీ ఎందుకైనా మంచిదని నియమాలు చదివాను. చదివేకొద్దీ ఆశ్చర్యం.

మన దేశంలో ఆకాశానికి చట్టం కొత్తేమీ కాదు. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదులో ఒక ఫ్రెంచి యువకుడు విమానంలో ఉత్తరాల మూట వేసుకుని యమున దాటి నైనీలో దిగాడు. ఆ ఏడాదే ఎగిరే ఓడలమీద చట్టం పుట్టింది. తర్వాత 1934లో వచ్చిన విమాన చట్టం, విమానమంటే ఏమిటో చెబుతూ బెలూన్లతోపాటు గాలిపటాన్ని కూడా ఆ జాబితాలో చేర్చింది. చూశారా! సంక్రాంతికి మన పిల్లలు డాబామీద ఎగరేసేది ఆ లెక్కన విమానమే. ఆ చట్టం తొంభై ఏళ్ళు బతికి, 2025 జనవరి 1న కొత్త చట్టానికి చోటిచ్చింది.

ఇక డ్రోన్ల సంగతి. 2014 అక్టోబరులో మామూలు పౌరులెవరూ వీటిని ఎగరేయకూడదన్నారు. 2018 డిసెంబరు 1నుంచి షరతులమీద ఒప్పుకున్నారు. హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల విమానాశ్రయాల సరిహద్దునుంచి అయిదు కిలోమీటర్ల లోపల మాత్రం కుదరదన్నారు. సరిగ్గా ఆ నెలలోనే లండన్ దగ్గర గాట్విక్‌లో డ్రోన్ కనిపించిందన్న కబురుతో విమానాశ్రయం మూసేశారు. సుమారు వెయ్యి విమానాలు తారుమారై, లక్షా నలభై వేలమంది పండుగ ప్రయాణాలు చెడ్డాయి.

2021 ఆగస్టులో కొత్త నియమాలొచ్చి చాలా పట్లు సడలించాయి. ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో పంచారు. ఆకుపచ్చలో నాలుగువందల అడుగులదాకా అనుమతి అడగక్కర్లేదు. విమానాశ్రయానికి ఎనిమిదినుంచి పన్నెండు కిలోమీటర్లలో అయితే రెండువందల అడుగులే. పసుపులో విమానాల రాకపోకలు చూసే అధికారుల్ని అడగాలి, ఎరుపులో కేంద్ర ప్రభుత్వాన్నే అడగాలి. 2008 మార్చిలో బేగంపేటనుంచి విమానాలు శంషాబాద్‌కి మారాక, మా ఊరికి ఆకుపచ్చ యోగం లేకుండా పోయింది.

పైగా 2022 ఫిబ్రవరినుంచి, స్వదేశీ తయారీ పెరగాలని, విదేశీ డ్రోన్ల దిగుమతినే నిషేధించారు. పెట్టెలో పెట్టుకొస్తే కస్టమ్స్‌వాళ్ళు ఊరుకోరు.

"రెండువందల యాభై గ్రాములు కూడ లేదు పెద్దమ్మా, ఆటబొమ్మ!" అని వాడు వాదించాడు. అంత చిన్నదానికి లైసెన్సు అక్కర్లేని మాట నిజమే. కానీ రంగులూ, దిగుమతి నిషేధమూ దాన్ని కూడా వదలవు.

నాకు కొంచెం కోపం వచ్చింది. ముసలిప్రాణానికి చెరువు చూపించడానికి ఇన్ని అడ్డంకులా అని అమ్మ దగ్గర సణిగాను. అప్పుడే ఒక విమానం చక్రాలు చాపుకుని మా ఇంటిమీదుగా దిగుతోంది.

అమ్మ తలెత్తి చూసి, "పైన పోయేటోళ్ళంత ఎవరి పిల్లలో కదా బిడ్డా! మనోడు వచ్చేది గూడ గదే తొవ్వల కదా" అంది.

నేను మాట్లాడలేదు. గాట్విక్ లెక్కలు చదివినా తట్టని సంగతి అమ్మకి ఒక్క చూపులో తట్టింది.

వాడు ఉత్తచేతులతోనే వచ్చాడు. మర్నాడు సాయంత్రం అమ్మమ్మని కారులో కట్టదాకా తీసుకెళ్ళి, చెయ్యిపట్టి నాలుగడుగులు నడిపించాడు. నీళ్ళమీద కొంగలు లేచాయి. వాటికి ఏ రంగు ఆకాశమైనా ఒకటే! అమ్మ వాటిని చూడలేదు. మనవడి చెయ్యి వదలకుండా చెరువునే చూస్తూ నిలబడింది.