ఛుట్టీలో ఉన్నవాడి జవాబు

ఉర్దూ మీడియం బడిలో హాజరు పిలిచినప్పుడు మేం “హాజిర్ జనాబ్” అనేవాళ్లం. రాని దోస్త్ తరఫున పక్కవాడు గొంతు మార్చి అదే మాట అనేవాడు. మా ఉస్తాద్ రిజిస్టర్ నుంచి తల ఎత్తకుండానే పట్టేసేవారు. “రాని వాడి నోట్లోంచి ఆవాజ్ ఎలా వచ్చిందిరా?” అని అడిగేవారు. మేమంతా కిందికి చూసేవాళ్లం.

ఆ ఉస్తాద్ రిటైరయ్యాక మనవడి దగ్గర ఫోన్‌లో ఉర్దూ టైప్ చేయడం నేర్చుకుని, మూడేళ్ల కింద నా దఫ్తర్ అడ్రసుకు మెయిల్ రాశారు. మన బడి పాత ఇమారత్ కూల్చేస్తున్నారట, ఆలోపు వచ్చి గేటు మీది రాతి పలకనైనా ఫొటో తియ్యి, పేపర్లో నాలుగు ముక్కలు రాయి అని. ఆ రోజుల్లో అమ్మీకి తుంటి ఎముక ఆపరేషన్. నేను పది రోజుల ఛుట్టీలో ఉన్నాను. వెళ్లేముందు ఆఫీసు మెయిల్‌లో ఆటోమేటిక్ జవాబు పెట్టి వెళ్లాను. ఇంగ్లీషులో రెండు లైన్లు: ఇంట్లో అనారోగ్యం వల్ల దఫ్తర్‌లో లేను, తిరిగొచ్చాక జవాబిస్తాను. ఎప్పుడొస్తానో రాయలేదు. వచ్చాక దాన్ని తీసేయడం మరిచాను.

మొదటి ఖత్ వందల మెయిళ్ల అడుగున పడిపోయింది. రెండోది నేను డ్యూటీలో చేరిన వారానికి వచ్చింది. అది చూశాను. తీరిగ్గా ఉర్దూలోనే రాద్దామని పక్కన పెట్టాను. కానీ నేను పక్కన పెట్టకముందే మషీన్ ఆయనకు జవాబిచ్చేసింది, నేను లేనని. అమ్మీ తబియత్ ఇంకా కుదుటపడలేదేమో, ఫోన్ చేసి పరేషాన్ చేయకూడదు అనుకున్నారట. నెల దాటాక ఆయనే ఫోన్ చేశారు. “బేటా, ఇంకా ఛుట్టీలోనే ఉన్నావా?” అప్పటికి ఇమారత్ లేదు. పలక ఏ లారీలో పోయిందో ఎవరికీ తెలియదు.

తప్పు నాదే. అయినా మనకు తకలీఫ్ తెచ్చిన వస్తువు ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలనిపించడం జర్నలిస్టు జబ్బు. అందుకే ఈ తారీఖ్. ఉర్దూలో తారీఖ్ అంటే చరిత్ర, తేదీ రెండూనని మీకు తెలుసు. నేను పెట్టడం మరిచింది రెండోది.

1980ల మొదట్లో కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్కిలీ క్యాంపస్‌లో ఎరిక్ ఆల్‌మన్ అనే ప్రోగ్రామర్ ఉండేవారు. ఒక నెట్‌వర్క్ ఉత్తరాన్ని ఇంకో నెట్‌వర్క్‌కు చేర్చే సెండ్‌మెయిల్ ఆయన రాసిందే. ఇంటర్నెట్ డాక్‌ఖానా చాలా ఏళ్లు దాని మీదే నడిచింది. ఆయనే ఒక చిన్న ప్రోగ్రాం రాసి ‘వెకేషన్’ అని పేరు పెట్టారు. దాని కోడ్ మీద కాపీరైట్ సంవత్సరం 1983. బర్కిలీ యునిక్స్ 4.3 వెర్షన్‌తో 1986లో అది బయటికొచ్చింది.

దాన్ని అమర్చే తరీఖా తమాషాగా ఉంటుంది. మెయిల్ సర్వర్ మీద ఎవరి ఫోల్డర్‌లో వాళ్లు ‘డాట్ ఫార్వర్డ్’ అనే ఫైల్ పెట్టుకుంటారు. అందులో ఒకే లైన్. ముందు తన పేరు, తర్వాత వెకేషన్ ప్రోగ్రాం పేరు. అంటే వచ్చిన ఖత్ ఒక కాపీ నా పెట్టెలో వెయ్యి, ఇంకో కాపీ వెకేషన్ చేతికివ్వు అని హుకుం. తన పేరుకు ముందు ఎడమకు వాలిన ఒక గీత పెట్టాలి. ఆ గీతకు అర్థం, ఇది పెట్టెలో వేసెయ్యి, మళ్లీ ఈ ఫైల్ చూడకు అని. గీత లేకపోతే ఖత్ తన ఇంటి చుట్టూ తానే తిరుగుతుంది. జవాబు మజ్మూన్ ఒక ఫైల్‌లో ఉంటుంది, ఎవరికి ఎప్పుడు జవాబిచ్చామన్న హిసాబ్ ఇంకో ఫైల్‌లో.

ఆ హిసాబే అసలు సంగతి. జవాబివ్వడం మషీన్‌కు చిటికెలో పని. ఎప్పుడు ఖామోష్‌గా ఉండాలో నేర్పడమే కష్టం. ఒకరికి ఒకసారి చెప్పాక వారం దాకా మళ్లీ చెప్పకూడదు. నా పేరు ‘టు’లో గానీ ‘సీసీ’లో గానీ లేకపోతే, అంటే ఏదో గుంపుకు వచ్చిన ఖత్ అయితే, నోరు విప్పకూడదు. పోస్ట్‌మాస్టర్, మెయిలర్ డీమన్ లాంటి మషీన్ల పేర్లతో వస్తే జవాబు వద్దు. ‘ప్రిసిడెన్స్: బల్క్’ అని రాసి ఉన్నా వద్దు. ఉస్తాద్ మొదటి ఖత్‌కూ రెండో ఖత్‌కూ మధ్య పది రోజులు దాటాయి. కనుక రూల్ ప్రకారమే ఆయనకు రెండోసారీ జవాబు వెళ్లింది.

ఇన్ని షరతులు ఎందుకంటే, లఖ్‌నవూ నవాబుల లతీఫా గుర్తుందిగా. ఇద్దరు నవాబులు ‘పెహ్లే ఆప్, పెహ్లే ఆప్’ అనుకుంటుంటే రైలు వెళ్లిపోయింది. ఛుట్టీలో ఉన్న ఇద్దరి మషీన్లు ఒకదానికొకటి తగిలినా అదే కథ. నేను లేను అని ఇది, నేనూ లేను అని అది, సర్వర్ నిండేదాకా. దీనికి ఉపాయం 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్.ఎం.టి.పి. కాయిదాలోనే ఉంది. ఖత్ చేరలేదన్న ఇత్తిలా పంపేటప్పుడు లిఫాఫా మీద పంపినవారి చోటు ఖాళీగా వదలాలి. తిరిగి పంపడానికి పతా లేదు కాబట్టి గొలుసు అక్కడే తెగుతుంది. 2004 ఆగస్టులో కీత్ మూర్ రాసిన ఆర్.ఎఫ్.సి. 3834 అనే దస్తావేజు ఇలాంటి ఉసూళ్లన్నిటినీ ఒకచోట చేర్చింది. మషీన్ ఇచ్చే జవాబు మీద ‘ఆటో సబ్‌మిటెడ్’ అని ముద్ర ఉండాలంది. ఆ ముద్ర చూసిన రెండో మషీన్ నోరు మూసుకోవాలి.

వెకేషన్ మాన్యువల్‌లో ఒక నమూనా జవాబు ఉంది. నాకు చాలా ఇష్టం. వెకేషన్ ప్రోగ్రాం మెహర్బానీతో చేరింది అని దాని పైన ఒక లైను. కింద జులై 22 దాకా ఛుట్టీలో ఉన్నాను, అర్జెంటైతే ఫలానా ఆయన్ని అడగండి అని. ఎంత తమీజ్! కానీ ఆ జులై 22 చదివే మనిషి కోసం రాసింది. మషీన్‌కు అది తెలియదు. మీరు వచ్చి ఫైల్ తీసేదాకా ఆగస్టులోనూ అదే పాడుతుంది.

మషీన్‌కే తేదీ చెప్పే ఏర్పాటు మెల్లగా వచ్చింది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ సైరస్ సర్వర్ కోసం టిమ్ షోవాల్టర్ ‘సీవ్’ అనే చిన్న భాష తయారుచేశారు. సీవ్ అంటే జల్లెడ. 2001 జనవరిలో అది ఆర్.ఎఫ్.సి. 3028గా అచ్చయింది. మనం రూల్స్ రాసి సర్వర్‌కు అప్పగిస్తే చాలు, సర్వర్ మీద మన ప్రోగ్రాం నడవాల్సిన పనిలేదు. అందులో వెకేషన్ హుకుం 2008 జనవరిలో స్టాండర్డ్ అయింది. రోజులు రాయకపోతే మామూలుగా ఏడు. అదే ఏడాది జులైలో ఈ రోజు తేదీని పోల్చి చూసే అనుబంధం వచ్చింది. అంతకు కాస్త ముందు మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ 2007 కూడా మొదలు, ముగింపు వేళలు పెట్టుకునే వీలిచ్చింది. దఫ్తర్‌లోవాళ్లకు ఒక జవాబు, బయటివాళ్లకు ఇంకోటి కూడా. మా ఆఫీసు సర్వర్‌లోనూ ముగింపు తేదీకి గడి ఉంది. ఖాళీగా వదిలింది నేను.

జబాన్ సంగతి కూడా చెప్పాలి. 2008లో బ్రిటన్‌లోని స్వాన్సీ కౌన్సిల్ ఒక రోడ్డు బోర్డు కోసం, భారీ వాహనాలకు ప్రవేశం లేదన్న ఇంగ్లీషు వాక్యాన్ని వెల్ష్‌లోకి తర్జుమా చేయమని మెయిల్ పంపింది. వెంటనే వెల్ష్‌లో జవాబొచ్చింది. దాన్నే బోర్డు మీద రాయించి నిలబెట్టారు. వెల్ష్ చదవగలిగినవాళ్లు ఆగి చూస్తే అక్కడున్నది: ప్రస్తుతం నేను ఆఫీసులో లేను, తర్జుమా చేయాల్సినవి ఉంటే పంపండి. సర్కారీ బోర్డుల మీద ఉర్దూ చూసి తల పట్టుకునే మనకు ఇది కొత్తేం కాదు. నవ్వుకున్నాను. తర్వాత, ఉర్దూలో ఖత్ రాసిన ఉస్తాద్‌కు నా తరఫున ఇంగ్లీషులో వెళ్లిన జవాబు గుర్తొచ్చింది.

మొన్న ఈద్‌కు ఊరెళ్లేముందు జవాబు కొత్తగా రాశాను. మొదట తెలుగు, కింద ఉర్దూ. ఏ రోజు వస్తానో రాశాను, ఫోన్ చేయొచ్చని రాశాను, ముగింపు తేదీ గడి నింపాను. ఉస్తాద్‌కు చెబితే, చూద్దామని ఆ సాయంత్రమే ఒక ఖాళీ మెయిల్ పంపారు. జవాబు అందింది. దానికి ఆయన జవాబు రాశారు: “బేటా, ఇత్తిలాలో తే కాదు, తోయ్ రాయాలి. ఐదో జమాత్‌లోనే చెప్పాను.” ఏడు రోజులు కాలేదు కాబట్టి మషీన్ ఏమీ అనలేదు. నేనే ఫోన్ చేసి మాఫీ అడిగాను.