ఆరోగ్యవరం మొదలుకొని కల్చరు సీసా దాకా

మిషను ఆసుపత్రుల చరిత్ర వ్రాసేటప్పుడు మనం శంకుస్థాపన తేదీలు, దొరల పేర్లు, మంచాల సంఖ్య తప్పకుండా వ్రాస్తాము. వెనుక గదిలో కళ్లె సీసాలు ముందు పెట్టుకొని కూర్చున్నవారి సంగతి సాధారణంగా వ్రాయము. క్షయ రోగుల విషయంలో ఆ వెనుక గది చేసిన మేలు చాలా పెద్దది. అందుచేత ఈ వ్యాసాన్ని దానికే కేటాయిస్తున్నాను.

మన కొవ్వూరు రేవున నిలబడి చూస్తే అవతలి ఒడ్డున కనిపించే రాజమండ్రిలో లూథరను మిషనువారు విశ్రాంతిపురం క్షయ ఆసుపత్రిని నడిపారు. తెలుగుదేశంలో ఇటువంటివాటికి పెద్దన్న వంటిది మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం. దక్షిణ భారతంలోని పలు మిషనులు, ఎవరి సిద్ధాంతం వారిదైనా, ఈ ఒక్క పనికి చేతులు కలిపాయి. 1915లో అక్కడ యూనియన్ మిషన్ శానిటోరియం వెలసింది. డెన్మార్కు దేశస్థుడు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి సూపరింటెండెంటు. అప్పటికి క్షయకు మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారం, అంతే. రోగి ఇల్లు విడిచి నెలలు, ఒక్కొక్కసారి ఏండ్లు అక్కడే ఉండవలసి వచ్చేది. ఇంటివద్ద భార్యాబిడ్డలు ఏమి తినేవారన్న ప్రశ్నకు ఏ శానిటోరియం దగ్గరా సమాధానం లేదు.

క్షయ క్రిమిని రాబర్టు కోఖ్ 1882లోనే లోకానికి చూపించారు. కళ్లెను గాజుపలక మీద పూసి, ఎర్ర రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూస్తే సన్నని ఎర్ర కడ్డీలుగా కనిపిస్తుంది. ఈ పరీక్ష చౌక, త్వరగా తేలుతుంది. కాని ఒక మిల్లీలీటరు కళ్లెలో సుమారు అయిదు నుండి పది వేల క్రిములుంటేనే కంటికి ఆనుతాయి. పైగా కనిపించినది బ్రతికి ఉన్నదో, మందుకు చచ్చినదో చెప్పలేము. అది తెలియాలంటే క్రిమిని పెంచాలి. దానినే కల్చరు అంటారు.

పెంచే విధానం వింటే మన ఇల్లాండ్రకు కొంత వంటవలె తోస్తుంది. కోడిగుడ్లు పగులగొట్టి గిలకొట్టి, లవణాలు, గ్లిసరిన్, మాలకైట్ గ్రీన్ అనే పచ్చరంగు కలుపుతారు. సీసాలలో పోసి, వాటిని ఏటవాలుగా పడుకోబెట్టి, ఎనభై డిగ్రీల పైచిలుకు వేడిలో గట్టిపడనిస్తారు. లోవెన్‌స్టైన్ మొదట రూపొందించిన ఈ ఆహారాన్ని 1932లో సవరించినవారు కోపెన్‌హేగెన్‌కు చెందిన జెన్సెన్. ఆయన కూడా డెన్మార్కువారే! కళ్లెలో ఇతర క్రిములు చావడానికి సోడియం హైడ్రాక్సైడుతో శుద్ధి చేసి, మిగిలిన మడ్డిని ఆ పచ్చని వాలు మీద వేస్తారు. తరువాత 37 డిగ్రీల వెచ్చని పెట్టెలో ఉంచి వేచి ఉండడమే. సాధారణ పేగు క్రిమి ఇరవై నిమిషాలకొకసారి రెండవుతుంది. క్షయ క్రిమికి సుమారు ఇరవై గంటలు పడుతుంది. మూడు వారాలకు గాని గరుకుగా, రొట్టె పొడి రంగులో గడ్డలు కనిపించవు. ఎనిమిది వారాలు గడిచేదాకా “లేదు” అని వ్రాయకూడదు.

ఈ ఓర్పు ఎందుకు అక్కరకు వచ్చిందో 1956లో మద్రాసులో తెలిసింది. అంతకు మూడేండ్ల క్రితం వరకు మన జిల్లాలు కూడా ఆ రాష్ట్రంలోనివే. మందులు వచ్చిన తరువాత కూడా రోగిని శానిటోరియంలో ఉంచాలా, ఇంటివద్దనే మందు ఇవ్వవచ్చునా అన్నది ప్రశ్న. ప్రభుత్వం, వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి కలిసి అక్కడ క్షయ చికిత్సా కేంద్రం పెట్టాయి. పేద రోగులను చీట్లు వేసినట్లు రెండు భాగాలు చేసి, ఒకే మందులు ఇచ్చారు. శానిటోరియంలో మంచి భోజనం, విశ్రాంతి. ఇంటివద్ద ఇరుకు గది, చాలీచాలని తిండి. వ్యక్తుల అభిప్రాయం మీద కాక, నెలనెలా కల్చరు సీసాలు చూసి లెక్క కట్టారు. ఏడాది చివరకు క్రిమి అణగినవారు శానిటోరియంలో నూటికి 92, ఇంటివద్ద 86. ఇంటివద్ద ఉన్న రోగుల కుటుంబాలలో క్షయ అదనంగా వ్యాపించలేదు.

ఆ అంకెలు 1959లో ప్రచురింపబడిన తరువాత “రోగిని వేరుచేయాలి” అనే వాదం నిలువలేదు. తండ్రి తన గడపలోనే ఉండి కోలుకోవచ్చునని తేల్చినది ఆ గుడ్డు ముద్ద మీది గడ్డలే. అయినా మన ఇండ్లలో నేటికీ మందు పడుతున్న రోగికి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టేవారున్నారు. రోగం గాలి ద్వారా పోతుంది గాని కంచం ద్వారా పోదు.

గడ్డ పెరిగినంత మాత్రాన పని ముగియదు, అది క్షయ క్రిమేనా అని గుర్తించాలి. నేలలోను నీటిలోను బ్రతికే బంధువుల వంటి క్రిములు దీనికి చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని వారం లోపే పెరుగుతాయి, కొన్ని పసుపు, నారింజ రంగులు చూపుతాయి. పారా నైట్రోబెంజోయిక్ ఆమ్లం కలిపిన సీసాలో అవి సాధారణంగా పెరుగుతాయి, క్షయ క్రిమి పెరగదు. నియాసిన్ అనే విటమినును క్షయ క్రిమి విస్తారంగా కూడబెడుతుంది. ఇవన్నీ సరిచూడకపోతే క్షయ లేనివానికి నెలల తరబడి అక్కరలేని మందులు మ్రింగించవలసి వస్తుంది.

కుష్ఠు క్రిమి కథ వేరు. ఇది కూడా క్షయ క్రిమి వంశమే. హాన్సెన్ 1873లో, అంటే కోఖ్ కంటే ముందే దీనిని చూశారు. కాని నేటివరకు ఏ సీసాలోను పెరగలేదు. 1960లో షెపర్డు ఎలుక పాదంలో పెంచగలిగారు. మన డెల్టాలోనే రామచంద్రపురంలో కెనడియన్ బాప్టిస్టులు కుష్ఠురోగులకు ఆశ్రమం నడిపిన కాలంలో, క్షయకు దొరికిన ఈ సాధనం వారి చేతికి అందలేదు.

ఇప్పుడు కార్‌ట్రిడ్జి పరీక్ష వచ్చింది. రెండు గంటలలో క్షయ ఉన్నదా, రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందా చెబుతుంది. అయితే ఆ యంత్రం చూసేది క్రిమి జన్యువునే గనుక, చచ్చిన క్రిమిని కూడా లెక్కిస్తుంది. అందువల్ల మొండి క్షయకు మందు వాడుతున్నవారిలో క్రిమి నిజంగా చచ్చినదా అని చూడడానికి ఇంకా కల్చరే పెడతారు. ద్రవంలో పెంచే పద్ధతి వచ్చి నిరీక్షణ కొంత తగ్గింది. అక్కడ కూడా ఆరు వారాలు గడిస్తే గాని “లేదు” అని వ్రాయరు.