యోహాను కొడుకులు 19 లక్షల మంది

అమెరికా క్లయింటుతో పనిచేసిన ప్రతి తెలుగు సాఫ్టువేరు ప్రాణికీ కనీసం ఒక్క జాన్సన్ తగిలే ఉంటాడు. మేనేజరుగానో, టెస్టరుగానో, ఏదీ కాకపోతే టెస్ట్ డేటాలో ఒక వరసగానో. మనకి రావులూ రెడ్లూ ఎలాగో వాళ్ళకి స్మిత్తులూ జాన్సన్లూ అలాగే అనుకుని ఊరుకుంటాం. ఈ పోలిక సగమే నిజం. మన రావు, రెడ్డి పేరు చివర వచ్చే తోకలు, ఇంటిపేరు వేరే ఉంటుంది. జాన్సన్ మాత్రం అచ్చంగా ఇంటిపేరే. కాకపోతే మొదట్లో అదీ ఇంటిపేరు కాదు. "ఎవరబ్బాయివిరా?" అని అడిగితే చెప్పే జవాబు. జాన్ గారి అబ్బాయి, అంతే.

ముందు పేరు సంగతి చూద్దాం. హీబ్రూలో యోహానాన్ అంటే దేవుడు దయ చూపాడని అర్థం. అది గ్రీకులో ఇయోఆన్నెస్, లాటిన్లో యోహాన్నెస్ అయి, ఇంగ్లీషుకొచ్చేసరికి జాన్ అయింది. మన తెలుగు బైబిల్లో యోహాను. అంటే జాన్సన్‌ని తెలుగులో చెప్పాలంటే "యోహాను కొడుకు". ఈ ఒక్క యోహాను ఐరోపా అంతా తిరిగి ఎన్ని ఇళ్ళకి పేరు పెట్టాడో చూడండి. వేల్సులో జోన్స్, ఎవాన్స్. డెన్మార్కులో జెన్సెన్, హాన్సెన్. స్వీడన్లో యోహాన్సన్. డచ్చి వాళ్ళలో యాన్సెన్. రష్యాలో, బల్గేరియాలో ఇవనోవ్. ఆర్మేనియాలో హోవ్హాన్నిస్యాన్. ఐర్లండులో మెక్‌షేన్. అందరూ యోహాను కొడుకులే, కానీ ఎవరికీ ఎవరితోనూ చుట్టరికం లేదు. ఎందుకంటే ఆ యోహాను ఒక్కడు కాదు, ఊరికి పదిమంది.

ఇంగ్లండులో 1066కి ముందు జాన్ అన్న పేరు బాగా అరుదు. ఆ ఏడు నార్మన్లు వచ్చి రాజ్యం పట్టుకున్నాక వాళ్ళ పేర్లే ఫ్యాషనయ్యాయి: విలియం, రాబర్ట్, రిచర్డ్, జాన్. రెండు మూడు వందల ఏళ్ళలో పరిస్థితి ఎంతదాకా వచ్చిందంటే, మగాళ్ళ పేర్లలో సింహభాగం ఈ నాలుగైదే. ఊళ్ళో జాన్‌లు పదిమంది ఉంటే పన్ను ఎవరి దగ్గర వసూలు చేసినట్టు? 1377, 1379, 1381లలో వేసిన తల పన్ను చిట్టాల్లో గుమాస్తాలు ప్రతివాడికీ ఇంకో గుర్తు తగిలించాల్సి వచ్చింది. వృత్తిని బట్టి కమ్మరి (స్మిత్), ఉండే చోటుని బట్టి కొండ (హిల్), ఒంటి రంగుని బట్టి బ్రౌన్, తండ్రిని బట్టి జాన్సన్. ఉత్తర ఇంగ్లండులో "సన్" అని చేరిస్తే, దక్షిణాదిన, వేల్సులో ఊరికే ఒక "స్" చేర్చి జోన్స్, విలియమ్స్ అన్నారు. యార్క్‌షైరు చిట్టాల్లో "ఫలానావాడి కూతురు" అన్న పేర్లు కూడా ఉన్నాయి. కొడుకులవి నిలిచాయి, కూతుళ్ళవి పోయాయి. ఎందుకు పోయాయో మనకి వేరే చెప్పక్కర్లేదు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. జాన్ కొడుకు రిచర్డ్ నిజంగానే జాన్సన్. ఆ రిచర్డ్ కొడుకు లెక్కప్రకారం రిచర్డ్‌సన్ కావాలి. ఐస్‌లాండులో ఈనాటికీ అలాగే మారుతుంది. కానీ ఇంగ్లండులో ఆస్తుల కాయితాలు, కోర్టు దావాలు, చర్చి రిజిస్టర్లు పెరిగేకొద్దీ తరానికోసారి పేరు మారితే కుదరని పరిస్థితి వచ్చింది. దాంతో 14, 15 శతాబ్దాల్లో ఎక్కడి పేరు అక్కడ గడ్డకట్టుకుపోయింది. మన భాషలో చెప్పాలంటే వేరియబుల్ కాస్తా కాన్‌స్టెంట్ అయింది. ఆ క్షణాన ఎవరి తండ్రి పేరు జాన్ అయితే వాళ్ళ వంశమంతా జాన్సన్లే. స్వీడన్ వాళ్ళు ఈ పని 1901 చట్టంతో చేశారు. తుర్కియే 1934లో చట్టం చేసి మరీ అందరికీ ఇంటిపేర్లు పెట్టింది. ఎక్కడైనా పని చేసింది కుటుంబాల కోరిక కన్నా గుమాస్తా కలమే ఎక్కువ.

ఇప్పుడు లెక్కలు. అమెరికా 2000 జనగణనలో జాన్సన్లు 18,57,160 మంది. 2010లో 19,32,812. రెండుసార్లూ స్మిత్ తరవాత రెండో స్థానమే. 2010 నాటి జనాభా 30 కోట్ల 87 లక్షలు కాబట్టి, ప్రతి 160 మందిలో ఒకరు జాన్సన్ అన్నమాట. పదేళ్ళలో దేశ జనాభా దాదాపు 10 శాతం పెరిగితే జాన్సన్లు పెరిగింది 4 శాతమే. అదే కాలంలో గార్సియాలు 8,58,289 నుంచి 11,66,120కి, అంటే 36 శాతం పెరిగి ఎనిమిదో స్థానం నుంచి ఆరుకి ఎగబాకారు. అమెరికా ఎటు మారుతోందో తెలుసుకోడానికి ఎన్నికల విశ్లేషణలు చదవక్కర్లేదు, ఈ నాలుగు అంకెలు చాలు.

కానీ నన్ను పట్టుకున్న అంకె ఇది కాదు. 2010 లెక్కల ప్రకారం జాన్సన్లలో దాదాపు 59 శాతం తెల్లవాళ్ళు, 35 శాతం నల్లవాళ్ళు. దేశం మొత్తమ్మీద నల్లవాళ్ళు 13 శాతం లోపే. విలియమ్స్ అన్న పేరుగలవాళ్ళలో అయితే వాళ్ళు దాదాపు 48 శాతం. వాషింగ్టన్ అన్న ఇంటిపేరుకి వస్తే ఏకంగా 87 శాతం పైనే. ఇంగ్లండు రైతు జాన్ గారి అబ్బాయి పేరు ఆరున్నర లక్షల పైచిలుకు నల్లవాళ్ళకి ఎలా వచ్చింది?

జవాబు మనందరికీ తెలిసినట్టే ఉంటుంది: బానిసలకి యజమానుల పేర్లు వచ్చాయి. ఇది కొంతవరకే నిజం. 1850, 1860 జనగణనల్లో బానిసల కోసం వేరే చిట్టాలుండేవి. వాటిలో యజమాని పేరు రాసి, దాని కింద వరసగా వయసు, ఆడా మగా, ఒంటిరంగు రాసేవాళ్ళు. మనిషి పేరు గడే లేదు. అందరి పేర్లూ రాసిన మొదటి జనగణన 1870ది, అంతర్యుద్ధం ముగిసిన ఐదేళ్ళకి. అందుకే నల్ల అమెరికన్లు తమ వంశవృక్షం తవ్వుకుంటూ పోతే చాలామందికి 1870 దగ్గర గోడ అడ్డొస్తుంది. అయితే కాయితం మీద లేనంత మాత్రాన వాళ్ళకి ఇంటిపేర్లు లేవని కాదు. హెర్బర్ట్ గట్‌మన్ అనే చరిత్రకారుడు 1976లో అచ్చయిన తన పుస్తకంలో చూపించింది ఇదే. బానిసల్లో చాలామంది తమలో తాము ఇంటిపేర్లు వాడుకునేవారు, అవి చాలాసార్లు చివరి యజమాని పేరు కాదు, ఎప్పుడో తాతల కాలం నాటి పేరు. అమ్మేసి చెల్లాచెదురు చేసినా ఎవరు ఎవరి తాలూకో గుర్తుండాలని.

దీనికి సాటిలేని ఉదాహరణ ఫ్రెడరిక్ డగ్లస్. మేరీలాండ్‌లో బానిసగా పుట్టాడు. తల్లి ఇంటిపేరు బెయిలీ. 1838లో పారిపోయి న్యూయార్క్ చేరాక పట్టుబడకుండా పేరు మార్చుకోవాలి కదా, జాన్సన్ అని పెట్టుకున్నాడు. అక్కణ్ణించి మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్ వెళ్ళాడు. తీరా చూస్తే ఆ ఊళ్ళో అప్పటికే ఎంతమంది జాన్సన్లున్నారంటే, ఒకళ్ళకీ ఇంకొకళ్ళకీ తేడా తెలియడం లేదు. ఆశ్రయమిచ్చిన పెద్దమనిషి పేరు కూడా నేథన్ జాన్సనే, ఆయనా నల్లవాడే. కొత్త పేరేదో మీరే పెట్టండి, ఫ్రెడరిక్ మాత్రం ఉండనివ్వండి అని ఆయన్నే అడిగాడు. ఆయన అప్పుడే వాల్టర్ స్కాట్ కావ్యమొకటి చదివి ఉన్నాడు, అందులోని డగ్లస్ పేరు పెట్టాడు. డగ్లస్ తన ఆత్మకథలో స్వయంగా రాసుకున్న సంగతి ఇది.

ఇందులో జాన్సన్ అన్న పేరు చేస్తున్న పని గమనించండి. ఇంగ్లండు గుమాస్తాకి అది మనిషిని పట్టుకోడానికి పనికొచ్చిన గుర్తు. పారిపోయిన బానిసకి అదే దాక్కోడానికి పనికొచ్చిన గుంపు. ఎంతమంది జాన్సన్లుంటే అంత క్షేమం. న్యూ బెడ్‌ఫర్డ్‌లో అంతమంది జాన్సన్లు ఉండడం ఊరికే జరిగిందనుకోను.

మూడో పాయ స్వీడన్, నార్వేల నుంచి. 19వ శతాబ్దం మధ్య నుంచి 1930 దాకా పది లక్షలకు పైగా స్వీడన్ వాళ్ళు అమెరికా వచ్చారు. యోహాన్సన్, యోన్సన్, యోహాన్సెన్ అన్నీ ఇంగ్లీషు స్పెల్లింగులో పడి జాన్సన్ అయ్యాయి. మినెసోటా రాష్ట్రంలో అన్నిటికన్నా ఎక్కువున్న ఇంటిపేరు జాన్సన్ కావడానికి కారణం ఇదే. 1905 నుంచి 1909 దాకా ఆ రాష్ట్ర గవర్నరు జాన్ జాన్సన్ స్వీడన్ దంపతుల బిడ్డ. బ్రిటన్‌లో 2019 నుంచి 2022 దాకా ప్రధానిగా చేసిన బోరిస్ జాన్సన్ సంగతి ఇంకా తమాషా. ఆయన తాతయ్య పుట్టినప్పటి పేరు ఉస్మాన్ కెమాల్, తండ్రివైపు తుర్కులు. ఆ పిల్లాణ్ణి పెంచిన అమ్మమ్మ పుట్టింటి పేరు జాన్సన్. అదే తీసుకుని విల్‌ఫ్రెడ్ జాన్సన్ అయ్యాడు. తండ్రి పేరు చెప్పడానికి పుట్టిన ఇంటిపేరు అమ్మమ్మ నుంచి వచ్చిందన్నమాట!

మన కథలోనూ ఇద్దరు జాన్సన్లున్నారు. 1924లో ఆసియా వాళ్ళకి అమెరికా తలుపులు మూసేసిన వలస చట్టాన్ని జాన్సన్-రీడ్ చట్టమంటారు, ప్రతినిధుల సభలో దాన్ని నడిపించిన ఆల్బర్ట్ జాన్సన్ పేరు మీద. (మనవాళ్ళకి 1917 చట్టంతోనే తలుపు మూసుకుంది, ఇది గడియ పెట్టింది.) 1965 అక్టోబరు 3న స్వేచ్ఛా ప్రతిమ దగ్గర కూర్చుని సంతకం పెట్టి ఆ దేశాలవారీ కోటాల్ని రద్దు చేసింది అధ్యక్షుడు లిండన్ జాన్సన్. మన డాక్టర్లూ, ఇంజనీర్లూ పెద్దసంఖ్యలో వెళ్ళింది ఆ తరవాతే. ఈ ఇద్దరికీ మధ్య ఉన్న పోలిక ఇంటిపేరొక్కటే. హ్యూస్టన్‌లోని నాసా కేంద్రానికి 1973లో పెట్టింది లిండన్ జాన్సన్ పేరు. 1962లో జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరిగి రావడానికి ముందు కంప్యూటర్ లెక్కల్ని చేత్తో సరిచూసిన గణితవేత్త కేథరిన్ జాన్సన్ నల్ల అమెరికన్. ఆవిడ జాన్సన్ అయింది రెండో పెళ్ళి వల్ల.

మరి ఇంటిపేరుని బట్టి మనిషిని గుర్తుపట్టొచ్చా? 2006లో సీబీఎస్ వాళ్ళ సిక్స్టీ మినిట్స్ కార్యక్రమంలో పన్నెండుమంది రాబర్ట్ జాన్సన్లని పిలిచి కూర్చోబెట్టారు. అందరినీ విమానాశ్రయాల్లో ఆపేస్తున్నారు, కారణం నిషేధ జాబితాలో ఒక రాబర్ట్ జాన్సన్ ఉండడమే. ఆ జాబితాలో ఉన్నది కూడా ఒకడి మారుపేరట. 2009లో మొదలైన కొత్త పద్ధతిలో పూర్తి పేరుతో పాటు పుట్టినరోజు, ఆడా మగా కూడా తీసుకుని పోల్చడం మొదలుపెట్టారు. 1379 నాటి గుమాస్తా చేసిన పనే మళ్ళీ చేశారు. పేరు చాలకపోతే ఇంకో గడి. పేరుని ప్రైమరీ కీ చెయ్యకూడదని మనం కాలేజీలో రెండో ఏడే చదువుకుంటాం, ఆ పాఠం వెనక ఎన్ని వందల ఏళ్ళ అనుభవం ఉందో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇదంతా మనకెందుకంటే, ఆ గడ్డకట్టడం ఇప్పుడు మన ఇళ్ళలోనే జరుగుతోంది కాబట్టి. తమిళ సహోద్యోగుల్ని చూడండి. ఇంటిపేరుండదు, తండ్రి పేరు పొడి అక్షరంగా ముందుంటుంది. అమెరికా ఫారంలో చివరిపేరు గడి ఖాళీగా ఉంచకూడదు కాబట్టి తండ్రి పేరు అందులో పడుతుంది. అక్కడ పుట్టిన పిల్లలకి అదే ఇంటిపేరు. అంటే తాతగారి పేరు వంశానికంతా ఖాయం. అచ్చం జాన్సన్ పుట్టినట్టే. మనవాళ్ళలో కొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో రాసుంటుంది. వీసాలో అది చివరిపేరు స్థానంలోకి వెళ్ళి, మొదటిపేరు దగ్గర "ఎఫ్ఎన్‌యూ" అని పడుతుంది, మొదటిపేరు తెలియదు అని. ఆ ముక్కతోనే బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు. ఇంకొందరికి ఇంటిపేరు జారిపోయి కులం తోకే చివరిపేరుగా స్థిరపడింది. పిల్లలు దాన్ని మోస్తూ పెరుగుతారు. మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ళ పేర్లు. ఏ కరువుకో, ఏ కొలువుకో మన పూర్వీకులు విడిచి వచ్చిన ఊరి గుర్తు అది ఒక్కటే. ఒక్క ఫారం నింపే తొందరలో అది పోతే మళ్ళీ రాదు.

బెయిలీ అన్న పేరు వదులుకోవడం డగ్లస్‌కి ప్రాణావసరం. మనకి అంత అవసరమేమీ లేదు. అయినా వదులుకుంటున్నాం, అదీ ఆలోచించకుండా. ఇంటిపేరు మారితే కొంపలంటుకుంటాయని నేననను. 19 లక్షల జాన్సన్లని చూశాక పేరుకీ రక్తానికీ ఉన్న ముడి ఎంత వదులో తెలుస్తూనే ఉంది. మారేదేదో తెలిసి మారితే చాలు. పిల్లలకి పాస్‌పోర్టు అప్లికేషన్ నింపబోతున్నవాళ్ళు ఒక్క పావుగంట ఆగి ఊరికి ఫోన్ చెయ్యండి. మన ఇంటిపేరు ఎక్కడిది, అమ్మమ్మ పుట్టింటి పేరేమిటి, నానమ్మ పుట్టింటి పేరేమిటి అని అడిగి ఒక కాయితం మీద రాసిపెట్టండి. చెప్పగలిగిన వాళ్ళు ఇంకా ఉన్నారు.