ఇంధన మార్పిడి – యాజమాన్య మార్పిడి: తెలుగు రాష్ట్రాల ప్రజారవాణా చరిత్రలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
ఖమ్మం జిల్లాలోని ఎర్రుపాలెం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సరిహద్దున, కాజీపేట–విజయవాడ రైలుమార్గంలో ఉన్న మండల కేంద్రం. ఇటువంటి ఊళ్ల వైపు నుంచి చూస్తే ప్రత్యామ్నాయ ఇంధన విధానం ఒక ప్రశ్నను ముందుకు తెస్తుంది: మారుతున్నది ఇంధనమేనా, బస్సు యాజమాన్యం కూడానా?

ప్రభుత్వ రవాణా పునాది:
నిజాం రాష్ట్ర రైలు, రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో సేవలు ఆరంభించింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. బస్సు, డిపో, సిబ్బంది ఒకే సంస్థ అధీనంలో ఉండటం ఈ వ్యవస్థకు మూలం. తరువాతి కాలంలో అద్దె బస్సులు చేరినా ఆ మూలం చెక్కుచెదరలేదు.

సహజవాయువు దశ:
ఢిల్లీ నగర బస్సులన్నింటినీ సీఎన్‌జీకి మార్చాలని సుప్రీంకోర్టు 1998 జులై 28న ఆదేశించింది. ఇక్కడ 2003లో భాగ్యనగర్ గ్యాస్ లిమిటెడ్ ఏర్పడిన తరువాత హైదరాబాదు, విజయవాడల్లో సీఎన్‌జీ బస్సులు తిరిగాయి. ఈ దశలో ఇంధనం మారినా సంస్థ స్వరూపం మారలేదు. అయితే గ్యాస్ సరఫరా ఉన్నంతమేరకే మార్పు సాధ్యమైంది.

విద్యుత్తు దశ:
2015లో కేంద్రం ప్రవేశపెట్టిన ఫేమ్ పథకం కింద 2019 మార్చిలో హైదరాబాదులో 40 విద్యుత్ బస్సులు ప్రారంభమయ్యాయి. వీటిని స్థూల వ్యయ ఒప్పందంపై తీసుకున్నారు. ఈ పద్ధతిలో ప్రైవేటు నిర్వాహకుడు బస్సును కొని, డ్రైవరును నియమించి, మరమ్మతులు చూస్తాడు. ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తుంది. విద్యుత్ బస్సు ధర అధికం కావడం వల్ల సంస్థపై ఒక్కసారిగా పెట్టుబడి భారం పడకుండా ఈ ఒప్పందం కాపాడింది. కానీ దాంతోపాటే బస్సు, డ్రైవరు సంస్థ పరిధి దాటిపోయాయి.

పన్ను మినహాయింపులు:
తెలంగాణ 2020 అక్టోబరులో విద్యుత్ వాహన విధానాన్ని ప్రకటించింది. మొదటి 2,00,000 ద్విచక్ర వాహనాలకు, 20,000 ఆటోలకు, 500 బస్సులకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. 2024 నవంబరులో సంఖ్యా పరిమితిని తొలగించి, మినహాయింపును 2026 డిసెంబరు 31 వరకు పొడిగించింది. ఈ లాభం వాహనం కొనగలిగినవారికే చేరుతుంది. పల్లె బస్సు ప్రయాణికునికి నేరుగా అందేది కాదు.

ముగింపు:
పన్ను మినహాయింపు వ్యక్తి కొనుగోలును ప్రోత్సహిస్తుంది. ప్రజారవాణాను మార్చేది డిపో. కిలోమీటరు లెక్కన చెల్లింపు జరిగే ఒప్పందంలో ప్రయాణికులు తక్కువగా ఉండే పల్లె మార్గాలు భారంగా కనబడే ప్రమాదం ఉంది. కాబట్టి ఎర్రుపాలెం వంటి ఊళ్లకు విద్యుత్ బస్సు రావాలంటే మధిర వంటి చిన్న డిపోలకు చార్జింగ్ వసతితోపాటు, ఆ మార్గాలను నడిపే బాధ్యతను కూడా విధానంలోనే చేర్చాలి. లేనిపక్షంలో ఇంధన మార్పిడి చరిత్ర నగరాల చరిత్రగానే మిగిలిపోతుంది.