జొన్న గట్క, నల్ల హారం

1950ల చివరి రోజులు. మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. ఎండలు ముదిరిన ఒక ఉదయం పల్లె నుంచి వచ్చిన ఓ కూలిమనిషిని మంచం మీద పడుకోబెట్టారు. నలభై ఏళ్లుంటాయి. రెండు చేతులూ మోచేతుల దాకా నల్లగా మాడి, పెచ్చులు లేస్తున్నాయి. పాదాలూ అంతే. మెడ చుట్టూ ఎవరో కాటుకతో గీసినట్టు నల్లటి పట్టీ. రవిక కప్పిన చోట మాత్రం చర్మం మామూలుగానే ఉంది.

"ఎన్నాళ్లయిందమ్మా?"

ఆమె పలకలేదు. కళ్లు ఎటో చూస్తున్నాయి. పక్కనున్న భర్తే చెప్పాడు. "రెండు నెలలాయె సారూ. ముందుగాల ఎండదెబ్బ అనుకున్నం. తర్వాత కడుపు జారుడు వట్టింది. ఇప్పుడు మతి తప్పి మాట్లాడుతుంది. గాలి సోకిందంటే తాయెత్తు గూడ కట్టించినం."

డాక్టరు నాలుక చూశాడు. ఎర్రగా పుండులా ఉంది. ఆయన అడిగిన తర్వాతి ప్రశ్నలోనే రోగం సగం బయటపడింది.

"ఇంట్ల ఏం తింటరు?"

"జొన్న గట్క, జొన్న రొట్టె. ఇంత కారం, ఉప్పు."

"పప్పు? పాలు?"

"అవి మాకెక్కడియి సారూ!"

ఈ దృశ్యం ఒక్క మనిషి కథ కాదు. దక్కను జొన్న పల్లెల నుంచి ఆ రోజుల్లో హైదరాబాదు ఆసుపత్రులకు వచ్చిన ఎందరో పేదల ఒళ్లు చెప్పిన కథలనే ఇక్కడ ఒక మనిషిగా చూపించాం. ఆ జబ్బు పేరు పెల్లాగ్రా.

మూడో రోజు

పెల్లాగ్రా మూడు చోట్ల దెబ్బ తీస్తుంది. ఎండ తగిలిన చర్మాన్ని మాడుస్తుంది, పేగులను పాడుచేస్తుంది, మనసును కలచివేస్తుంది. వైద్యం అందకపోతే ప్రాణమే తీస్తుంది. మెడ చుట్టూ పడే నల్ల పట్టీని డాక్టర్లు 'కాసల్ హారం' అంటారు. 1735లో స్పెయిన్‌లో ఈ జబ్బును గమనించి రాసిన వైద్యుడు గాస్పర్ కాసల్ పేరది. 1910లలో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న తిని బతికే పేదలు వేలల్లో దీని పాలబడ్డారు. ఇది అంటురోగం కాదనీ, తిండిలోని లోటే కారణమనీ వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అక్కడ నిరూపించాడు. ఆ లోటు నయాసిన్ అనే బి విటమిన్‌దని 1937లో తేలింది.

మందు చవకైనదే. నికోటినమైడ్ బిళ్లలు రోజుకు మొత్తం 300 మిల్లీగ్రాములు, రెండు మూడు పూటలుగా పంచి ఇస్తారు. రెండు మూడు రోజుల్లోనే నాలుక మంట చల్లారుతుంది, మనసు కుదుటపడుతుంది. చర్మం మానడానికి వారాలు పడుతుంది. మూడో రోజు పొద్దున ఆ మంచం మీది మనిషి భర్త మొహం తేరిపార చూసి, "మేకకు నీళ్లు వెట్టినవా?" అని అడిగింది. మనిషి తిరిగొచ్చింది.

ఆమె గట్టెక్కింది. కానీ డాక్టర్లకు ఒక చిక్కుముడి మిగిలింది.

తార్నాకకు చేరిన ప్రశ్న

1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలైన పోషకాహార పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకుని తార్నాకలో స్థిరపడింది. ఇవాళ మనం జాతీయ పోషకాహార సంస్థ అని పిలుస్తున్నది దాన్నే. అక్కడి డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతయ్య ఈ చిక్కుముడి పట్టుకున్నారు.

మొక్కజొన్న సంగతి ప్రపంచానికి తెలుసు. అందులో నయాసిన్ ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. శరీరం నయాసిన్ తయారుచేసుకోవడానికి వాడే ట్రిప్టోఫాన్ కూడా అందులో తక్కువే. కానీ మన పల్లెల్లో తినేది జొన్న. నయాసిన్‌లోగానీ ట్రిప్టోఫాన్‌లోగానీ జొన్న వరి బియ్యానికి తీసిపోదు. మరి అన్నం తినే పేదవాడికి రాని జబ్బు గట్క తినే పేదవాడికి ఎందుకొస్తోంది?

లోటు దొరకని చోట వాళ్లు మిగులు కోసం వెతికారు. జొన్న మాంసకృత్తుల్లో లూసిన్ అనే అమైనో ఆమ్లం చాలా ఎక్కువ. మనుషులకు లూసిన్ ఇచ్చి మూత్రం పరీక్షిస్తే, నయాసిన్ నుంచి పుట్టే పదార్థం ఎక్కువగా బయటికి పోతున్నట్టు కనబడింది. 1960లో ఈ సంగతి లాన్సెట్ వైద్య పత్రికకెక్కింది. లూసిన్ ఎక్కువైన కుక్కలకు నాలుక నల్లబడే జబ్బు వచ్చింది. మనుషుల పెల్లాగ్రాకు అది తోబుట్టువు లాంటిది. ఆ పరిశోధనలో భవానీ బెళవాడి పాలుపంచుకున్నారు. లూసిన్ వాదాన్ని తర్వాత కొన్ని దేశాల పరిశోధకులు ఒప్పుకోలేదు. అయినా తార్నాకలో పని ఆగలేదు. విటమిన్ బి6 ఇస్తే లూసిన్ చేసే చెరుపు తగ్గుతుందని కమలా కృష్ణస్వామి బృందం 1970లలో చూపింది. లూసిన్ తక్కువున్న జొన్న రకాల కోసం కూడా వెతికారు.

నేరం జొన్నది కాదు

ఇదంతా చదివి ఎవరూ జొన్నను తప్పుపట్టకండి. మన తాతముత్తాతల ఒంట్లో బలం ఆ రొట్టెదే. నేరం పేదరికానిది. ఏడాది పొడుగునా ఒకే గింజ తప్ప మరేదీ కంచంలో పడకపోవడమే అసలు జబ్బు. జొన్న రొట్టె పక్కన ఇంత పప్పు, ఆకుకూర, మజ్జిగ, గుడ్డు, పల్లీలు ఉంటే పెల్లాగ్రా దరిచేరదు. మళ్లీ చిరుధాన్యాల వైపు మళ్లుతున్న ఈ రోజుల్లో ప్రతి ఇంట్లో గుర్తుంచుకోవాల్సిన మాట ఇది.

తిండిలో రకాలు పెరిగిన కొద్దీ ఈ జబ్బు అరుదైంది. అరుదైందంటే పోయిందని కాదు. తిండి మానేసి తాగుడుకు బానిసైనవారిలో, ఐసోనియాజిడ్ అనే టీబీ మందు వాడేవారిలో ఇప్పటికీ కనిపిస్తుంది. ఈ తరం డాక్టర్లలో చాలామంది దాన్ని పుస్తకంలోనే చూసి ఉంటారు. అందుకే ఎండదెబ్బగానో, చర్మరోగంగానో, మతిభ్రమణంగానో పొరబడే ప్రమాదం ఎక్కువ.

ఎండ తగిలిన చోటే రెండు వైపులా ఒకేలా చర్మం నల్లబడి, దానికి విరేచనాలో మతిమరుపో తోడైతే తాయెత్తుల కోసం తిరగకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. తాగుడు సంగతి, వాడుతున్న మందుల సంగతి దాచకండి. డాక్టరు బాబూ, డాక్టరమ్మా, మీకూ ఒక మనవి. రక్త పరీక్షల చీటీ రాసేముందు ఆ పాత ప్రశ్న ఒక్కసారి అడగండి: "ఇంట్లో ఏం తింటున్నారు?"