దోషులెవరు? మారిషస్ పాత దస్తావేజులు, మన విద్యార్థులు

మారిషస్ తెలుగువారి చరిత్రకు రాజులూ లేరు, కోటలూ లేవు. ఉన్నవల్లా చెరకు తోటలు, వలస రిజిస్టర్లు, పోలీసు రికార్డులు. వాటిలో మన పెద్దల పేర్లు నేరస్థుల వరుసలో కనిపిస్తే మన పిల్లలు తల దించుకోవాలా? దీనికి సమాధానం పరిశోధనే చెప్పాలి.

1834 మొదలు 1910 వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు కూలి ఒప్పందాలపై ఈ ద్వీపానికి వచ్చారు. కోరంగి రేవు పేరు మీదుగా తెలుగువారిని ఇక్కడ ‘కోరంగీలు’ అన్నారు. ఒప్పందం ముగిసిన కూలీ స్వతంత్రుడే కావాలి. కాని 1867 నాటి చట్టం ప్రకారం అతడు ఛాయాచిత్రం అంటించిన టిక్కెట్టూ, తన జిల్లా పోలీసు పాసూ దగ్గర ఉంచుకోవాలి. పాసు లేకుండా పొరుగు జిల్లాలో బంధువును చూడబోయినవాడు దేశదిమ్మరి కింద లెక్క, పట్టుబడితే శిక్ష. ఇటువంటివారి కోసం గ్రాండ్ రివర్ దగ్గర ఒక నిర్బంధశాలే ఉండేది. తోటల్లో ఒక్క రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దారిన నడవడం నేరమైంది గాని, కూలివాని కడుపు కొట్టడం నేరం కాలేదు!

1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తెల్లవాడు 9,401 మంది పాత కూలీల పక్షాన గవర్నరుకు అర్జీ సమర్పించాడు. అందుకు ఆయన పోర్ట్ లూయీ వీధిలో దెబ్బలు తిన్నాడు. అయినా 1872లో రాయల్ కమిషన్ ఏర్పడింది. ఫ్రియర్, విలియమ్సన్‌లు విచారించి 1875లో ఇచ్చిన నివేదికతో కూలీల మొర చాలామటుకు నిజమేనని తేలింది. 1878లో కొత్త కార్మిక చట్టం వచ్చింది.

కళాశాల విద్యార్థులకు మా మనవి ఇది. ఎవరో పురమాయించే వరకు ఆగకండి. వలస రికార్డులు మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఒక జిల్లాను, ఒక సంవత్సరాన్ని ఎంచుకోండి. శిక్ష ఎవరికి పడింది, ఏ చట్టం కింద, నష్టపోయినది ఎవరు, ఆ నష్టానికి ఎవరైనా జవాబుదారీ అయ్యారా అని వరుసగా రాసుకోండి. పోలీసు రాసినది పోలీసు మాట; దాని పక్కన అర్జీదారు మాట పెట్టి చూడండి. మనవారంతా నిర్దోషులని ముందే తీర్మానించుకోకండి. దొంగతనాలు, కొట్లాటలు ఉంటే వాటిని వేరే లెక్క కట్టండి. ఏ కుటుంబం సంగతైనా వారి అనుమతి లేనిదే పేరుతో బయటపెట్టకండి.

కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ మెట్లకు గౌరవం దక్కింది. ఆ మెట్లెక్కి వచ్చినవారి మీద పడిన మచ్చ ఎంత నిజమో తేల్చవలసిన బాధ్యత మనది.